మగ్గం పక్కన బూడిద చిప్ప

జబ్బు లొంగిందని డాక్టరమ్మ చెప్పిన రోజు నాకు సంతోషం కలగలేదు, నిద్ర ముంచుకొచ్చింది. హైదరాబాద్ దవాఖానలో ఆ గది బయట బెంచీ మీద మా ఆయన నా మొహం వైపే చూస్తూ, ఏదో ఒక మంచి మాట అంటానని ఎదురుచూశాడు. నేను నల్లగొండ బస్సు ఎన్నింటికని అడిగాను. రొమ్ములో గడ్డ బయటపడ్డ నాటి నుంచి కోత, కీమో సూదులు, కరెంటు పెట్టడం అన్నీ అయ్యేసరికి ఏడాది దాటింది. సంతోషపడటానికి కూడా కొంత ఓపిక కావాలని అప్పటిదాకా నాకు తెలియదు.

జబ్బు మనిషి చుట్టూ దేవుళ్లు ఎక్కువవుతారు. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ ఒక దేవుణ్ణి వెంటబెట్టుకునే వచ్చారు. ఒకరు గుట్ట నుంచి కుంకుమ తెచ్చారు, ఒకరు దర్గా నుంచి తాయెత్తు తెచ్చారు, వెనక వీధి అక్క ప్రార్థన చేయించిన నూనె సీసా తెచ్చింది. నా మణికట్టు నిండా దారాలే. నేత ఇంటి ఆడదాన్ని కదా, నా కళ్లు భక్తి కన్నా ముందు ముడిని చూసేవి. ఇంత వదులుగా కట్టినవాళ్ల మొక్కు ఏం నిలబడుతుందిలే అనుకునేదాన్ని. చివరికి సూదికి నరం దొరకక నర్సు వాటన్నిటినీ కత్తిరించి చెత్తడబ్బాలో వేసింది. ఏ దేవుడూ అడగడానికి రాలేదు.

ఆ రోజు తిరుగు దారిలో మా ఆయన నన్ను పానగల్ గుడికి తీసుకుపోయాడు. అక్కడ గర్భగుడిలో పొద్దంతా కదలని నీడ ఒకటి ఉంటుంది. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నేను రాతి స్తంభానికి ఆనుకుని కూలబడ్డాను. ఆయన చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డాడు. బయటికి వచ్చాక, "నువ్వేం మొక్కినవ్?" అని అడిగాడు.

"ఏం మొక్కలే. అడిగేటందుకు గూడ ఓపిక లేదు" అన్నాను. ఆయన నా చెప్పులు వెతికి తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు.

మా ఊరు నల్లగొండకు గంట దూరం. మా వీధిలో ఒకప్పుడు గడపగడపకూ మగ్గం ఆడేది. ఇప్పుడు సగం ఇళ్లవాళ్లు పట్నంలో బట్టల షాపుల్లోనూ, అపార్టుమెంట్ల గేట్ల దగ్గరా ఉన్నారు. మా ఆయన మాత్రం గుంట మగ్గం వదల్లేదు. నా పని అచ్చు అతకడం. అచ్చు అంటే పడుగులోని నిలువు పోగులన్నీ దూరి వచ్చే దువ్వెన లాంటి చట్రం. ఒక పడుగు నేయడం అయిపోయాక ఆ పోగులను మొత్తం లాగేయరు. అచ్చులో జానెడు కొసలు వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగులను ఒక్కొక్కటిగా ఆ పాత కొసలకు అతికి, మెల్లగా అచ్చులోంచి ఇవతలికి లాగుతారు. ముడి వేస్తే అచ్చులో ఇరుక్కుంటుంది. అందుకని రెండు కొసలూ కలిపి పట్టుకుని, వేళ్లకు ఇంత బూడిద అద్దుకుని, ఒక్క మెలి పెట్టాలి. అది పట్టిందో లేదో కళ్లకు తెలియదు, వేళ్లకే తెలుస్తుంది.

ఈ పని నాకు నేర్పింది మా అత్త. కొత్తకోట నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు తన పుట్టింటి నుంచి నోరు కూడా తెచ్చుకుంది. పెళ్లయిన కొత్తలో నా అతుకులు నాలుగు తెగితే నాలుగు వీధులకు వినిపించేలా చెప్పింది. పిడకల బూడిదను పాత గుడ్డలో జల్లించి కొబ్బరి చిప్పలో పోసి మగ్గం పక్కన పెట్టేది. పని మొదలుపెట్టే ముందు అదే బూడిద తన నొసట ఇంత, నా నొసట ఇంత రాసేది. పొయ్యి బూడిదను విభూతి అనుకుంటోందని లోపల నవ్వుకుని, ఆమె అటు తిరగగానే నేను కొంగుతో తుడిచేసుకునేదాన్ని. తర్వాత ఆమె రెండు కళ్ల నరాలూ ఎండిపోయాయి. ఆపరేషన్ చేసినా చూపు రాదన్నారు. అప్పటి నుంచి మగ్గం ఉన్న గదిలోనే గోడ పక్కన మంచం మీద కూర్చుని పగలంతా దేవుడితో తగాదా పెట్టుకునేది. నాకు జబ్బు చేశాక ఆ తగాదా ఇంకా పెరిగింది.

"నన్ను గొంచవోరాదు? ఉట్టిగనే గూసున్న గద. పనిజేసేదాని యెంబడే ఎందుకు వడ్డవ్?" అని గోడకు చెప్పేది. పక్క గదిలో పడుకుని నేను వినేదాన్ని. నాకు బదులు తనను తీసుకుపొమ్మనడం మంచి మాటే, కాని ఓదార్పుగా ఉండేది కాదు.

కీమో సూదులు నా వేళ్ల కొసలను మొద్దుబార్చాయి. జుట్టు పోతే మళ్లీ వస్తుందని అందరూ చెప్పారు. వేళ్ల సంగతి ఎవరూ ముందు చెప్పలేదు. రొట్టె వేడిగా ఉందో చల్లగా ఉందో తెలియదు, జాకెట్టు హుక్కు దొరకదు. కొందరికి స్పర్శ తిరిగి వస్తుందనీ, కొందరికి అలాగే ఉండిపోతుందనీ డాక్టరమ్మ చెప్పింది. నేను ఏ కొందరిలో ఉంటానని అడిగితే నవ్వింది. ఆమెకూ తెలియదు పాపం.

పానగల్ నుంచి ఇంటికి వచ్చేసరికి మగ్గం మీద నా పాత చీర కప్పి ఉంది. నేను దవాఖానలో ఉన్నప్పుడే దాని మీది పడుగు అయిపోయింది. అచ్చులో పాత కొసలు అలాగే వేలాడుతున్నాయి. కొత్త పడుగు చుట్టి మూలన పెట్టి ఉంది. మా ఆయన మాత్రం వేరేవాళ్ల మగ్గం మీద కూలికి నేస్తున్నాడు. పక్క వీధిలో అతికే ఆమె ఉంది. పిలిస్తే వచ్చి చేసిపోతుంది. ఆయన పిలవలేదు. మగ్గం అమ్మేస్తాడేమోనని నాకు అనుమానం వచ్చింది. అన్నం పెడుతూ అడిగేశాను.

"అమ్మెటోన్నైతే చీరెందుకు గప్పుత?" అన్నాడు.

"మరి గా అక్కను పిలువొచ్చు గద."

"నువ్వతికినంకనే ఎక్కిస్త."

"నా ఏళ్లు మొద్దువారినయని నీకు తెల్వదా?"

"నాకు తెల్వది" అని చెయ్యి కడుక్కున్నాడు.

నాకు కోపం వచ్చింది. కోపం కింద ఉన్నది భయం. వేళ్లకు పట్టు చిక్కకపోతే నేను బతికి బయటపడ్డానే తప్ప దేనికీ పనికిరానని తేలిపోతుంది. ఆ సంగతి తేలకుండా, అలా చీర కప్పి ఉంటేనే నాకు నయం అనిపించింది. మా ఆయన మాత్రం ప్రతి ఉదయం పనికి పోయే ముందు ఆ చీర మీది దుమ్ము దులిపి పోయేవాడు. మాటతో పోరు పెడితే తిరగబడొచ్చు. ఇలా దుమ్ము దులిపేవాణ్ణి ఏం చేయగలం?

ఒక ఉదయం చీర తీసి కూర్చున్నాను. కొత్త పోగు ఒకటి, పాత కొస ఒకటి పట్టుకుని, అలవాటు కొద్దీ మెలిపెట్టాను. కళ్లు బాగానే చూస్తున్నాయి. వేళ్ల మధ్య ఏమీ లేనట్టే ఉంది. పట్టిందనే అనుకుంటూ ఒకదాని తర్వాత ఒకటి అతికాను. మధ్యలో మూడుసార్లు నేల మీద వాలి పడుకున్నాను. ఇలా కొన్నాళ్లు సాగింది. అయిపోయాక మా ఆయన అవతల పడుగును సడలిస్తూ, ఇవతలి నుంచి మెల్లగా లాగాడు. అతుకులు అచ్చు దగ్గరికి రాగానే గుత్తులు గుత్తులుగా విడిపోయి, కొత్త పోగులు వెనక్కి జారి వేలాడాయి. ఆయన వంగి ఒక్కో పోగూ ఏరడం మొదలుపెట్టాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. నేను బూడిద చిప్ప ఎత్తి గోడకు కొట్టాను.

అత్త మంచం దిగింది. నేల మీద కూర్చుని, రెండు అరచేతులతో తడుముతూ బూడిదను దగ్గరికి చేరదీసింది.

"దీని మీద అలిగితె ఏమొస్తదే?" అని, చిప్ప ఎక్కడుందో వెతికి మళ్లీ అందులో పోసింది. తర్వాత పాక్కుంటూ మగ్గం దగ్గరికి వచ్చి అచ్చు వెనక నా అతుకుల మీద వేళ్లు నడిపించింది. "గిది వట్టలే. గిది వట్టలే. గిది వట్టింది. గిదైతె నువ్వు మెలివెట్టనే లేదు, ముద్దు వెట్టి ఇడిసిపెట్టినవ్." మా ఆయన ముసిముసిగా నవ్వాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఏది పాతదో, ఏది కొత్తదో నాకు అవుపడదు" అంది అత్త. "నువ్వు సూసి రెండు కొసలు నా ఏళ్లల్ల వెట్టు. మెలి నేను వెడ్త."

ఇద్దరం అచ్చుకు ఎదురుగా పక్కపక్కన కూర్చున్నాం. మొదలుపెట్టే ముందు ఆమె బూడిద అద్దుకుని నా నొసటి కోసం చెయ్యి చాపింది. చెయ్యి కాస్త పైకి పోయి నా తల మీద పడింది. అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి. నా తలను ఆమె తాకడం జబ్బు చేశాక అదే మొదటిసారి. వేళ్లు అక్కడే కాసేపు నిలిచిపోయాయి. "గొర్రెపిల్ల లెక్కనే ఉన్నది" అంది మెల్లగా. తర్వాత కిందికి వచ్చి నొసట బూడిద రాసింది. ఈసారి నేను తుడుచుకోలేదు. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ పడుగు చాలా రోజులు పట్టింది. కూర్చుంటే నాకు భుజం లాగేది, ఆమెకు నడుము పట్టేది. ఇద్దరం అలసిపోయి అక్కడే పడుకుని, లేచి మళ్లీ కూర్చునేవాళ్లం. ఒక మధ్యాహ్నం పోగు అందిస్తూ, నాకు తెలియకుండానే మనసులో ఒక మాట అనుకున్నాను: ఈ పడుగు అయ్యేదాకా నన్ను ఉండనియ్యి స్వామీ. పానగల్‌లో అడగలేనిది ఇక్కడ, బూడిద చేతులతో, ఎవరూ అడగమనకుండానే అడిగాను. ఆ తర్వాత ప్రతి పడుగుకూ అదే అడుగుతున్నాను. నాకు తెలిసిన భక్తి ఇంతే. మళ్లీ మా ఆయన లాగినప్పుడు కొన్ని తెగాయి, మిగతావన్నీ అచ్చు దాటి ఇవతలికి వచ్చాయి. ఆ సాయంత్రం మా ఇంట్లో మగ్గం చప్పుడు వినబడింది.

సంగతి వీధికి తెలిసింది. అతికేవాళ్లు ఇప్పుడు తక్కువ. పక్క వీధి ఆమె ఒక్కతే ఎన్ని ఇళ్లకని పోతుంది? మమ్మల్ని పిలవడం మొదలుపెట్టారు. అత్త నా భుజం పట్టుకుని నడుస్తుంది, చిప్ప నా చేతిలో ఉంటుంది. కుర్రవాళ్లు జోడెడ్లు వచ్చాయంటారు. పక్క ఊరికైతే ఆడవాళ్లకు టికెట్టు లేని బస్సెక్కి పోతాం. కండక్టరు అత్తను చూసి ముందు సీటు ఇప్పిస్తాడు, ఆమె అతనికి కూడా ఏదో ఒక వంక పెడుతుంది. ఇంటికి వచ్చేసరికి నాకు అన్నం తినే ఓపిక ఉండదు. దవాఖానలో పరీక్ష తేదీ దగ్గరపడితే నిద్ర పట్టదు. అయినా ఒక సంగతి గమనించాను. అత్త గోడతో తగాదా మానేసింది. నన్ను గొంచవోరాదు అన్న మాట మళ్లీ ఆమె నోట వినలేదు.

ఈ మధ్య ఒక ఇంట్లో పని చేస్తుండగా, చిప్పలో వేలు ముంచితే బూడిద మెత్తగా తగిలింది. భ్రమ అనుకుని మళ్లీ ముంచాను. బొటనవేలికి గరుకు, మెత్తన రెండూ తెలుస్తున్నాయి. అత్త చాయ్ తాగుతోంది. నేను రెండు కొసలు పట్టుకుని మెలిపెట్టాను. పట్టింది. లాగి చూశాను, విడలేదు. ఎవరికైనా చెప్పాలనిపించింది, ఎవరికీ చెప్పకూడదనీ అనిపించింది.

అత్త గ్లాసు పక్కన పెట్టి, ఎక్కడిదాకా వచ్చామో చూసుకోవడానికి అతుకుల వరస మీద వేళ్లు నడిపింది. ఒకచోట ఆగింది. వెనక్కి పోయి మళ్లీ అదే చోటికి వచ్చింది.

"గిది నాది గాదు" అంది.

నేను బొటనవేలి బూడిద కొంగుకు తుడుచుకున్నాను.

"నీ ఏళ్లకు పానమొచ్చింది." ఆ గొంతులో సంతోషం ఉంది. దాని వెనక ఇంకొకటి ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని అడిగింది. "ఇగ నేనెందుకు?"

ఆమె మంచం, ఆ గోడ నా కళ్ల ముందు మెదిలాయి. "నాకొక్కదానికి ఓపిక లేదత్తా" అన్నాను.

అది అబద్ధం కాదు. ఆమె రెండు వేళ్లు బూడిదలో అద్దుకుని ముందుకు చాపింది. నేను పాత కొసనూ కొత్త పోగునూ వెతికి వాటి మధ్య పెట్టాను.