బానెట్ కొయ్యని మేస్త్రి

పాతకార్లలో కొత్త ఇంజను దించడం ఆ మేస్త్రికి చేతనైనట్టు ఇంకెవరికీ చేతకాదు. ఈ మాట ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. ఎవరూ అడక్కపోతే ఆయనే చెబుతాడు. బండికి యాభై అరవై ఏళ్ళుంటాయి, ఇంజను చచ్చి ఉంటుంది, విడిభాగాలు దొరకవు. అందులో ఏ వ్యానుదో ఒక పెద్ద ఇంజను తెచ్చి కూర్చోబెట్టాలి. అంతవరకూ అందరూ చేస్తారు. అసలు చిక్కు ఆ తరవాతే. కొత్త ఇంజను ఎత్తు ఎక్కువ. దాని నెత్తిన గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటరు, ఆ కార్బురేటరు నెత్తిన గాలి వడగట్టే ఫిల్టరు డబ్బా. బానెట్ వేస్తే పడదు. అప్పుడు మిగతావాళ్ళు బానెట్‌కి కన్నం కోసి, పైన రేకుతో ఒక బుడిపె అతికిస్తారు.

మన మేస్త్రి కొయ్యడు. "బండికి బానెట్ అంటే మొహం. మొహానికి కన్నం పెట్టేవాడు మేస్త్రి కాదు, కసాయి" అనేవాడు. కసాయి అన్న మాట ముఖ్యంగా బావమరిదికి తగలాలని. అతనికి పక్కవీధిలో రేకుపని షెడ్డు ఉంది, బుడిపెలు పెట్టడమే బతుకుదెరువు. చుట్టపుచూపుగా ఇంటికొచ్చినా "ఏరా బుడిపెలోడా" అనే పలకరింపు. అతను నవ్వి ఊరుకునేవాడు.

మరి కొయ్యకుండా ఎలాగంటే, ఇంజను కూర్చునే దిమ్మల్ని కిందికి దించి, ఫిల్టరు డబ్బాను పళ్ళెమంత పలచగా చేసి, దానికీ బానెట్‌కీ మధ్య సరిగ్గా వేలెడు సందు మిగిల్చేవాడు. స్కేలుతో పనిలేదు, చూపుడువేలు దూర్చి చూస్తాడు. ఆ పైన బానెట్ ఎత్తిపెట్టి ఇంజను స్టార్టు చేస్తాడు. కళ్ళు మూసుకుని, చెవి ఒగ్గి, కార్బురేటరు స్క్రూను పావు తిప్పు అటూ అర తిప్పు ఇటూ సవరిస్తాడు. నిద్రపోతున్న పసిపిల్ల ఊపిరిలా చప్పుడు కుదురుకున్నాక బానెట్ వేసి, వీధి చివరిదాకా మెల్లగా నడిపి, తాళాలు ఇచ్చేస్తాడు. ఇరవై ఏళ్ళలో పద్నాలుగు బళ్ళు. ఒక్క ఫిర్యాదు లేదు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఒప్పుకోని మనిషి ఊళ్ళో లేడు.

పదిహేనోది పళ్ళ డాక్టరమ్మది. వాళ్ళ నాన్న నడిపిన బండి. రోజూ అందులోనే వంతెన దాటి ఆసుపత్రికి వెళ్ళాలని ఆవిడ ముచ్చట. తాళాలు తీసుకెళ్ళిన మర్నాడే వెనక్కి వచ్చింది. బానెట్ సగం తెరిచి, అంచు కింద చెక్కముక్క పెట్టి, తాడుతో కట్టి ఉంది.

"ఇదేంటమ్మా ఈ అవతారం?" అన్నాడు మేస్త్రి.

"మూస్తే ఆగిపోతోందండీ. వంతెన ఎక్కుతుంటే నల్లగా పొగ కక్కి, దగ్గి దగ్గి చచ్చింది. మూత తీస్తే శుభ్రంగా నడుస్తోంది."

"అలా జరగదమ్మా. నా బళ్ళకి ఇంతవరకూ..."

"అదే చెప్పబోతున్నా. వెనకాలే మీరు చేసిన బండిలోనే ఒక పెద్దాయన వచ్చారు. డిక్కీలోంచి ఈ చెక్కముక్క తీసి పెట్టారు. 'మేస్త్రిగారి బళ్ళకి ఇది మామూలేనమ్మా, అందరం తలొకటీ పెట్టుకుంటాం. ఆయన దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రం తీసెయ్యి, బాధపడతారు' అన్నారు. నేను తియ్యలేదు. మీరు బాధపడాలనే తెచ్చాను."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది.

"పన్నుకి తొడుగు వేశాక మేం నోరు మూసి కొరకమంటాం మేస్త్రిగారూ. నోరు తెరిచి ఉన్నంతసేపూ ఏ పన్నయినా బాగానే ఉంటుంది" అంది డాక్టరమ్మ.

ఇంజను మెల్లగా తిరిగినంతసేపూ వేలెడు సందు చాలు. ఎత్తు ఎక్కేటప్పుడు, పెడలు తొక్కేసరికి, దానికి గుక్క నిండా గాలి కావాలి. గాలి అందకపోతే పెట్రోలే మింగి పొగ కక్కుతుంది. ఇదేమీ మేస్త్రికి తెలియని విద్య కాదు, పదిమందికి నేర్పిన విద్యే. బానెట్ మూసి పెడలు తొక్కి చూడాలని మాత్రం ఇరవై ఏళ్ళలో ఒక్కనాడూ తోచలేదు.

ఆ బండిలోనే తిన్నగా బావమరిది షెడ్డుకి వెళ్ళాడు. "నీకు తెలుసట్రా, ఈ చెక్కముక్కల సంగతి?"

"తెలియకేం బావా, అవి కోసిచ్చేది నేనే."

"ఒక్కసారైనా చెప్పవేంరా?"

"అక్క వద్దంది. బావకి ఉన్నది ఆ గొప్ప ఒక్కటే, ఉండనీరా అంది."

మేస్త్రికి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఇంట్లో, వీధిలో, ఊళ్ళో ఇంతమంది కలిసి తనను ఇన్నేళ్ళు చంటిపిల్లాడిలా సాకారని తలుచుకుని సిగ్గుతో చచ్చిపోయాడు. చివరికి సుద్దముక్క అడిగి తీసుకుని, డాక్టరమ్మ బానెట్ మీద తనే గీత గీశాడు. బావమరిది కోసి, ముందువైపు గాలి దూరేలా సందు వదిలి, దూరంనుంచి చూస్తే తెలియనంత చదునైన బుడిపె పెట్టాడు. బానెట్ మూసి, డాక్టరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, మేస్త్రి ఆ వంతెన ఎక్కాడు. ఇంజను ఎక్కడా తడబడలేదు. తన చేతిపని ఇంత బాగా లాగుతుందని ఆయనకి మొట్టమొదటిసారి తెలిసింది. పట్టరాని సంతోషమేసింది.

ఆ సంతోషంలో పద్నాలుగు ఇళ్ళకీ కబురు పెట్టాడు, బళ్ళు తెస్తే అందరివీ కోసి సరిచేస్తానని. మొదట వచ్చింది చెక్కముక్క ఇచ్చిన పెద్దాయనే.

"మీరు కోశారటగదా? నిజమేనా?"

"నిజమేనండీ. మీదీ చేసేస్తా. ఇక మూత వేసుకుని హాయిగా తిరగొచ్చు."

"హాయిదేముందండీ! బానెట్ కొయ్యని మేస్త్రి చేసిన బండి అని చెప్పుకోడానికే కదా పదేళ్ళు ఈ పాట్లు పడ్డాం. కోయించుకునేదైతే మీదాకా ఎందుకు, మీ బావమరిది లేడూ?"

పెద్దాయన డిక్కీ తెరిచి చెక్కముక్క తీశాడు. మేస్త్రి కళ్ళెదుటే దాన్ని బానెట్ కింద పెట్టి, తాడు బిగించి, బండెక్కి వెళ్ళిపోయాడు.