అత్తయ్య కంచె మీది అడవినాభి

మొన్న మా మనవరాలు కవరు మీద అంటించడానికి తపాలా బిళ్లను నాలుకతో తడపబోతూంటే, దాని మీది పువ్వు బొమ్మ చూసి "విషమే, నోట పెట్టకు!" అని చెయ్యి లాగేశాను, ఇంటిల్లిపాదీ నవ్వారు, ముసలమ్మకు చాదస్తం ముదిరిందన్నారు, అననీండి. ఆ పువ్వు అడవినాభి. ఎర్రగా, అంచులు పసుప్పచ్చగా, పొయ్యిలో మంటలా పైకి లేచి ఉంటుంది.

పిఠాపురం దగ్గర మా ఊళ్లో, తెల్లదొరల ఏలుబడిలో, తపాలా బిళ్లల మీద వాళ్ల రాణిగారి తల పోయి రాజుగారి తల వచ్చిన కొత్తలో, ఆ తీగ మా పెరటి కంచె నిండా పాకి ఉండేది. దాన్ని పెంచింది మా మేనత్త. చిన్నతనంలోనే భర్త పోయి, తల గొరిగించి పుట్టింట్లో మడివంటకు కూర్చోబెట్టిన ఆవిడ మల్లెల వంక చూసినా తప్పే. అడవినాభిని మాత్రం ఎవరూ తలలో పెట్టుకోరు, దేవుడికీ పెట్టరు గనక ఎవరూ అడ్డు చెప్పలేదు. పని తెమిలాక ఆ తీగలను కంచెకు అల్లుతూ నిలబడేది, అప్పుడు ఆవిడ ముఖం చూడాలి.

తేగలు తవ్వుకు తినే అలవాటున్న పిల్లలం, ఇసకనేల కనబడితే చేతులు ఊరుకోవు. ఒకనాడు ఆ తీగ మొదట్లో తవ్వి, దొరికిన దుంపను చిలగడదుంప అనుకుని కొరికాను. వాంతులతో ప్రాణం మీదికొచ్చింది. రాత్రింబవళ్లు నన్ను ఒళ్లో పెట్టుకు కూర్చున్నది అత్తయ్యే. బతికాను గానీ, కొన్నాళ్లకు జుట్టంతా కుచ్చులు కుచ్చులుగా రాలిపోయి తల బోడి అయింది. అద్దంలో చూసుకుని, ఆవిడ ఎదుటే, "నేనూ అత్తయ్యలా అయిపోయానే అమ్మా!" అని ఇల్లెగిరిపోయేలా ఏడ్చాను.

ఆవిడ లేచి పెరట్లోకి నడిచింది. గునపం తీసుకుని వెళ్లి, దుంపలతో సహా ఆ తీగలన్నీ తనే తవ్వి తగలబెట్టి వచ్చింది. "నీకు మళ్లీ వస్తుందే తల్లీ, బారెడు జడ వస్తుంది" అంది నా తల నిమురుతూ. వచ్చింది కూడా, ఆముదం రాసి పెంచింది ఆవిడే. ఆ కంచె వైపు మాత్రం ఆవిడ మళ్లీ వెళ్లగా నేను చూడలేదు. పసిపిల్లకు ఏం తెలుసునని అందరూ అన్నారు, నేనూ అనుకున్నాను. ఆ మాట నన్ను ఒక్కనాడూ ఊరడించలేదు.

కాలం మారిందంటే మారింది. మా అమ్మాయికి నడివయసులో భర్త పోతే, జుట్టు తియ్యమన్నవాళ్లు లేరు, పువ్వులు మానమన్నవాళ్లూ లేరు. సాయంత్రాలు నేనే దాని జడలో మల్లెలు తురుముతాను. తురుముతున్నప్పుడల్లా మధ్యలో ఆగిపోతాను, కళ్లు ఆనక అనుకుంటుంది అది. లోకం అన్నీ లాక్కున్నాక మా అత్తయ్యకు మిగిలిన ఒక్క పువ్వునూ ఆవిడ చేతులతోనే పీకించినదాన్ని నేను.