జైనూర్ బడిలో 1970

జైనూర్ దాటాక, వాగు గట్టు మీది బడికి మధ్యాహ్నం మూడింటికి చేరాం. వాన ఆగింది. మబ్బు ఆగలేదు. ఆర్మీ ఆర్డరు చిన్నది: వరదలో చిక్కిన ఊళ్ల నుంచి మనుషుల్ని పడవలో ఇవతలికి తేవాలి. ఒక క్యాప్టెన్, పడవ జట్టు, ఒక ట్రక్కు, వైర్‌లెస్‌కు నేను. భాష తెలుసని నన్నూ, వేములవాడ వైపు డ్రైవర్‌నూ ఏరి పంపారు. అంతకు మించిన గుణం మాలో ఎవరికీ కనబడలేదేమో.

మా రేడియోలు క్షణక్షణం ఫ్రీక్వెన్సీ మారుస్తుంటాయి. అన్నీ ఒకే గడియారాన్ని నమ్మితేనే ఒకదాని మాట ఇంకోదానికి అందుతుంది. ఆ గడియారం పెట్టె దారిలోనే నీళ్లు తాగి పోయింది. కాబట్టి నేనే ఒకటి చేశాను. స్టీలు టిఫిన్ డబ్బాలో అరచేతంత బోర్డు, ఉపగ్రహాల నుంచి సమయం పట్టే రిసీవర్, అక్కడి నుంచి డాబా మీదికి తీగ, తీగ చివర అగ్గిపెట్టెంత యాంటెన్నా. రేడియోలన్నీ ఆ డబ్బానే టైం అడుగుతాయి. సాయంత్రానికి ఎనిమిది ఉపగ్రహాలు దొరికాయి. ఇందులో ఇదివరకు ఏముండేదని క్యాప్టెన్ అడిగారు. పప్పు అన్నాను.

రాత్రంతా వాన. పొద్దున డీజిల్ పోయడానికి జనరేటర్ ఆపి మళ్లీ వేశారు. మా డబ్బాలో బ్యాటరీ లేదు. కరెంటు పోతే అన్నీ మరిచిపోతుంది. లేచాక ఆకాశాన్ని అడిగి తెలుసుకోవాలి. లేచింది. 1970 జనవరి ఒకటి అంది. సమయం తెలియని కంప్యూటర్ లెక్క మొదలెట్టే తేదీ అది. ఉపగ్రహాలు సున్నా. రేడియోల్లో హోరు తప్ప ఏమీ లేదు.

అప్పుడే అవతలి గట్టుకు మంచం మీద ఒకామెను మోసుకొచ్చారు. నెలలు నిండాయి, నొప్పులు మొదలయ్యాయి. ప్రవాహం పడవను మలుపు దాకా లాక్కెళ్తుంది. అక్కడ కంటికి ఆనదు. రేడియో పలకకపోతే పడవ దిగదన్నది క్యాప్టెన్ నియమం. మంచి నియమమే. ఆ పూట ఎవరికీ నచ్చలేదు.

తీగ మార్చాను. పిన్నులు తుడిచాను. రిసీవర్ మార్చాను. 1970 కదల్లేదు. మబ్బులు అడ్డమా అని క్యాప్టెన్ అడిగారు. ఈ సిగ్నల్‌కు మబ్బులు అడ్డం కాదన్నాను. మరేది అడ్డం అన్నారు. డ్రైవర్ చాయ్ తెచ్చి ధైర్యం చెప్పాడు.

"ఫికర్ జెయ్యకు అన్నా. మీదున్నది మంచిగనే ఉన్నది. తడుస్తదని నిన్ననే కప్పిన."

"దేనితో?"

"మా బాపు గొంగడితోని. నాలుగు మడతలేసిన. ఎంత వానకొట్టినా సుక్క దిగది."

డాబా ఎక్కాను, వెనకే డ్రైవరూ. అతను చెప్పింది నిజమే. యాంటెన్నా పొడిగా ఉంది. నిన్న ఎండు ఉన్ని సిగ్నల్‌ను రానిచ్చింది. రాత్రి వానకు నాలుగు మడతలూ నీళ్లు పట్టి నిండు బిందెంత బరువయ్యాయి. చుక్కా దిగలేదు, సిగ్నలూ దిగలేదు. వానంటే గొంగడి అనుకునే ఇంట్లోనే నేనూ పెరిగాను. గొంగడి తీసి ప్లాస్టిక్ మగ్గు బోర్లించాను.

"కోపమొచ్చిందా అన్నా?"

"జర ఆగు. సిగ్నల్ వచ్చినంక చెప్త."

కిందికి దిగేసరికి ఒక ఉపగ్రహం. తర్వాత మూడు. ఐదోది దొరకగానే డబ్బా యాభై ఏళ్లకు పైగా ఒక్క గెంతులో దాటింది. రేడియో గరగరమంది.

"పడవ నుంచి బడికి. స్పష్టంగా వినబడుతోంది. దిగుతున్నాం."

డ్రైవర్ గొంగడిని పిండి, గట్టు దాకా ఉరికి పడవలో పడేశాడు. "ఆమెకన్న అక్కెరకొస్తది," అన్నాడు.

సాయంత్రం ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. పుట్టిన సమయం కోసం మా డబ్బాను ఎవరూ అడగలేదు.

వాగు తగ్గాక వెనక్కి వచ్చేశాం. ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. డబ్బా మళ్లీ పప్పుకే వాడుతున్నాం. కానీ మబ్బు పట్టినప్పుడల్లా ఆ ఎర్రనీళ్లు కనబడతాయి. మలుపు తిరిగి పడవ వస్తుంటుంది. మధ్యలో నల్లగా గొంగడి. దాని కింది నుంచి గాజుల చెయ్యి ఒకటి బయటికి సాగి, వాన ఆగిందో లేదో చూస్తుంటుంది.