ఒకటి పాయింట్ ఆరు

నా పాత సెడాన్‌కు సూపర్‌చార్జర్ పెట్టించాలని మూడేళ్ళు కలగన్నాను. ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోసే ఆ పరికరం, వాడినదే అయినా మంచి స్థితిలో ఉన్నది, చివరికి నా చేతికి వచ్చింది. ఆ రోజు దాన్ని బెంగళూరు శివారు హెబ్బగోడిలోని మా ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని, చూస్తూ భోజనం చేశాను. నా భార్య దాన్ని కాస్త పక్కకు జరిపి కూరగిన్నెకు చోటు చేసింది.

ఇక తేలవలసింది ఒకటే: ఎంత పెద్ద ఇంజిన్? కారులో ఉన్నది 1.3 లీటర్లది. అదే కంపెనీ చేసిన 1.6, 1.8 లీటర్ల ఇంజిన్లు కూడా అదే చోట కూర్చుంటాయి. నా మనసు మొదటి నుంచీ 1.8 మీదే ఉంది. ఆఫీసు మీటింగుల్లో నోటుబుక్కు అంచున ఆ అంకె రాసి, చుట్టూ గీతలు గీసుకునేవాణ్ణి.

బొమ్మనహళ్ళిలో ఒక తండ్రీ కూతురు కలిసి నడిపే షెడ్డు ఉంది. తండ్రి జీవితమంతా ఇంజిన్లు విప్పి కట్టినవారు. కూతురు లాప్‌టాప్ తగిలించి ఇంజిన్‌కు ఎంత పెట్రోలు అందాలో సరిచేస్తుంది. తాతల నాడే ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు. పెద్దాయనకు సూపర్‌చార్జర్లంటే గిట్టదు. కూతురు మాత్రం నా పరికరాన్ని రెండు చేతులా ఎత్తి చూసి నవ్వింది. తొందరపడి ఇంజిన్ కొనవద్దని, ముందు లెక్క చూద్దామని మరీ మరీ చెప్పింది.

నేను ఆగలేదు. ఆ శనివారమే చందాపుర దగ్గర పాత ఇంజిన్లు అమ్మే చోట 1.8 కనిపించింది. గూడ్స్ ఆటోలో వేయించి, వెనక దాని పక్కనే కూర్చుని, హోసూరు రోడ్డు పొడవునా దాని మీద చెయ్యి తీయకుండా షెడ్డుకు తెచ్చాను.

పెద్దాయన ఇంజిన్ పైమూత విప్పి, సిలిండర్లలో గేజి దించి కొలిచారు. మళ్ళీ కొలిచారు.

"దీన్ని ముందే రెండు తూర్లు బోరు కొట్టించి లోపల వెడల్పు చేసినారప్పా. గోడలు పలచగా ఉండాయి. ఊరికే తోలుకుంటే నడుస్తాది. నీ గాలిడబ్బా పెడితే చీలిపోతాది."

నా ముఖం చూసి కూడా కూతురు ఓదార్చలేదు. గోడలు బాగున్నా 1.8 వద్దనే చెప్పేదాన్నని అంది.

"ఈ సూపర్‌చార్జర్ ఒక చుట్టుకు తోసే గాలి ఇంతే అన్నా. 1.8 అంత గాలినీ మింగేస్తాది, ప్రెషరే రాదు. రావాలంటే ఇది తట్టుకోలేనంత జోరుగా తిప్పాల. 1.3లో పెడితే గాలి ఇరుక్కుని వేడెక్కుతాది. 1.6కి సరిగ్గా సరిపోతాది."

మరి బలం తగ్గదా అని అడిగాను. రోజూ ఎక్కడ తోలతానని ఆమె ఎదురడిగింది. ఈ హోసూరు రోడ్డు ట్రాఫిక్‌లోనేనన్నాను. అయితే బలం నెమ్మదిగా పోయేటప్పుడే అందాలి కదా అంటూ లాప్‌టాప్ నా వైపు తిప్పింది. బలాన్ని చూపే గ్రాఫులో 1.6 గీత మొదట్లోనే పైకి లేచి, చివరిదాకా దాదాపు అదే ఎత్తున సాగింది. ఆ గీత చూస్తుంటే పొద్దున్నుంచీ మోసుకొచ్చిన నా 1.8 కాస్తా మనసులోంచి జారిపోయింది. ఎప్పుడు మొదలుపెడదామని అడిగాను. పెద్దాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, మొదటిసారి ఆ తెర వైపు వంగి చూశారు.

1.6ను ఆయనే వెతికారు. ఆయనే కొలిచి, గోడలు గట్టిగా ఉన్నాయన్నాకే షెడ్డులోకి రానిచ్చారు. నేను ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగి ఇంజిన్ మార్పుకు అనుమతి తెచ్చుకున్నాను. పని రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఆఫీసు నుంచి నేరుగా షెడ్డుకే వెళ్ళేవాణ్ణి.

ఒక ఆదివారం ఉదయం, ఫ్యాక్టరీలు మూసి ఉన్న వెడల్పాటి రోడ్డు మీదకు కారు తీశాం. నేను స్టీరింగ్ దగ్గర, పక్కన లాప్‌టాప్‌తో కూతురు, వెనక చేతులు కట్టుకుని పెద్దాయన. రెండో గేరులో నెమ్మదిగా పోతూ పెడల్ నొక్కాను. బానెట్ కింద సన్నగా ఈల లేచింది. కారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వీపు సీటుకు అతుక్కుపోయింది. జారబోయిన లాప్‌టాప్‌ను ఆమె పట్టుకుంది. నేను నవ్వుతున్నానని, అదీ పెద్దగా నవ్వుతున్నానని, కొంతసేపటికి గాని తెలియలేదు. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయని ఆమె చెప్పింది.

అప్పుడు వెనక నుంచి పెద్దాయన పక్కన నిలపమన్నారు. ఏదో విరిగిన చప్పుడు ఆయనకు వినిపించిందేమోనని వెంటనే బ్రేకు నొక్కాను. ఆయన దిగి, చుట్టూ నడిచి వచ్చి, నా వైపు తలుపు తెరిచారు.

"దిగప్పా. నేనొక రౌండు పోయొస్తా."

కూతురూ నేనూ రోడ్డు పక్కన నిలబడ్డాం. ఈల దూరమై, మలుపు తిరిగి, మళ్ళీ దగ్గరైంది. ఆగుతారనుకుని రెండడుగులు ముందుకు వేశాను. ఆయన మా వైపు చూడనైనా చూడకుండా, పళ్ళన్నీ కనబడేలా నవ్వుకుంటూ మా ముందు నుంచే దూసుకుపోయారు.

"పెట్రోలు అయిపోయేదాకా నాయన దిగేటట్టు లేడు," అంటూ ఆమె ఫుట్‌పాత్ మీద కూర్చుంది. నేనూ పక్కనే కూర్చున్నాను.