అక్క రెప్ప మీది బియ్యపు గింజ

మొన్న మా బావ సంవత్సరీకం అయిన మర్నాడు అక్క తన పెళ్లి సీడీని కొంగు చాటున పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. మేనల్లుడు కొన్న పెద్ద టీవీలో వేస్తే బావ గెంతుతున్నాడట, సాఫీగా కదిలేలా చేసిపెట్టమంది. ఆ పెళ్లి వీడియో తీసింది నేనే, కాదని ఎలా అంటాను?

వీసీఆర్ హెడ్డుని స్పిరిట్ గుడ్డతో తుడిచిన మన తరానికి ఆ రోజులు వేరే చెప్పాలా! కొత్తవలస స్టేషన్ ఎదురుగా చిన్న వీడియో షాపు, భుజం పడిపోయేంత కెమెరా, అదే నాకు పెద్ద దర్జా. రామతీర్థం దగ్గర పల్లెలో పెళ్లి, పొందూరు పంచెలో బావ పోటీపడి తలంబ్రాలు పోస్తుంటే ఒక గింజ అక్క రెప్ప మీద నిలిచిపోయింది, దాన్ని ఆయన వేలితో చటుక్కున తీసేశాడు. అంత సందట్లో అది చూసింది కెమెరా పక్కనుంచి తొంగిచూసిన నేనొక్కణ్ణే. అక్క కళ్లు మూసుకుంది కనుక స్పర్శే తప్ప ఆ చెయ్యి తనకి కనబడలేదు. బావ కోపిష్టి, నోట మంచిమాట రాని మనిషి. అయినా ఆ ఒక్క వేలిని తలుచుకుని అక్క కాపురమంతా నెట్టుకొచ్చింది. ఇప్పుడు ఆ వేలు రావడం కళ్లారా చూడాలి, అంతే ఆమె కోరిక.

అసలు టేపుని ఏనాడో బూజు తినేసింది, ఆ సీడీయే గతి. అప్పటి కెమెరాలు సెకనుకి పాతిక బొమ్మలు పట్టేవి, ఇప్పటి టీవీ అరవై అడుగుతుంది, కంప్యూటర్లో వేస్తే లేనివాటిని సాఫ్ట్‌వేర్ తనే ఊహించి మధ్యలో ఇరికిస్తుంది. బావ నడక వెన్నలా వచ్చేసరికి మురిసిపోయాను. తలంబ్రాల దగ్గర మాత్రం నా ప్రాణం ఉసూరుమంది. గింజలు గాల్లోనే కరిగిపోతున్నాయి, వేళ్లన్నీ కలిసిపోయి అక్క చెంపలోకి పాకుతున్నాయి. ఎన్ని తంటాలు పడ్డా అంతే. చివరికి పాతదాన్నే ఒక్కో బొమ్మా ఆపి చూశాను: ఒకదాంట్లో చెయ్యి రెప్ప దాకా రాలేదు, ఆ తర్వాతిదాంట్లో వెనక్కి మళ్లిపోయింది. తగిలిన క్షణం కెమెరాలో పడనే లేదు.

"ఇదేటిరా, పిండిముద్దలాగ సాగతన్నాది! మీ బావ సెయ్యి కాదిది" అంది అక్క. ఉన్న సంగతి చెప్పాను.

"అయితే ఎక్కడా నేదా?"

తల అడ్డంగా ఊపాను.

ఇవాళ ఫోనున్న ప్రతివాడూ తినబోయే దోసెని కూడా సెకనుకి అరవై బొమ్మలు తీస్తున్నాడు. మనం మాత్రం మన మనుషులని పాతికతో సరిపెట్టుకుని అదే గొప్పనుకున్నాం. అక్క ఆ సీడీ వెయ్యడమే మానేసిందట. ఆ వేలు తగలడం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను, దేవుడా, నాకూ ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ సాగిన పిండిముద్దే కనబడుతోంది.