కొబ్బరిచెట్టుకు ఎర్రజెండా

కొత్తగా డిప్లొమా చేతికొచ్చిన రోజుల్లో మనిషికి లోకంలో ఏ కట్టడం చూసినా వంకే కనిపిస్తుంది. టెక్కలిలో సివిల్ చదువు ముగించి, ఇంకా ఉద్యోగం దొరక్క, జేబులో కొలతల టేపు పెట్టుకుని తిరిగిన ఆ ఏడాది నేను బస్టాండు గోడల్నీ, కాలవల మీది కల్వర్టుల్నీ, చివరికి మా ఇంటి మెట్లనీ కూడా పెదవి విరిచి చూసేవాణ్ణి. (మా ఇంటి మెట్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నేను కట్టినదాని సంగతే చెప్పబోతున్నాను.) అలాంటి సమయంలో పూండి దగ్గర కొబ్బరితోటలో ఉండే మా మావయ్య ఫోను చేశాడు. "అల్లుడూ, పెరట్లో ఒక షెడ్డు కట్టాల. కాగితాలూ పెన్సిలూ పట్టుకుని రా."

మావయ్య గూడ్సు బండి గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా రైలు చిట్టచివరి పెట్టెలో కూర్చుని, ఇంజన్ను మలుపుల దగ్గర మాత్రమే చూసినవాడు. ఆ లోటు తీర్చుకోవడానికి కాబోలు, కలకత్తా వెళ్లి కరెంటుతో నడిచే చిన్న రైలు కొనుక్కొచ్చాడు. (బొమ్మరైలు అంటే ఆయనకు కోపం. మోడల్ అనాలి.) అరచేతిలో పట్టే ఇంజను, ఎనిమిది వేగన్లు, ఒక పెట్టెడు పట్టాలు. పలాస నుంచి సోంపేట దాకా లైను మొత్తాన్ని స్టేషన్లతో, గేట్లతో, జీడితోటలతో సహా ఒక పెద్ద బల్ల మీద కట్టి, దాని మీద ఆ రైలు తిప్పాలని ఆయన కోరిక. అంత బల్ల ఇంట్లో పట్టదు. అందుకే షెడ్డు.

పెరట్లో షెడ్డుకు సరిపడా ఖాళీ ఒక్కచోటే ఉంది. దానికి సరిగ్గా నడిమధ్యన కొబ్బరిచెట్టు ఉంది. నేను టేపు తీసి చెట్టు వైపు అదోలా చూడగానే అత్తయ్య వంటింట్లోంచి బయటికొచ్చింది. "షెడ్డేటి, మేడ కట్టుకోండి, నాకేటి. ఆ సెట్టు మీద గొడ్డలి పడిందంటే మాత్రం నాను పుట్టింటికి ఎల్లిపోతాను. తుపానుకి వరసంతా పడిపోతే అదొక్కటే నిలబడింది." మావయ్య నా వైపు చూశాడు. నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. (ఆ వయసులో ఆలోచనలన్నీ మెరుపుల్లాగే ఉంటాయి, వెనకనే ఉరుము వినబడేదాకా.) చెట్టును కొట్టక్కర్లేదు, చెట్టునే నడిమి స్తంభం చేసేద్దాం అన్నాను. గోడల మీంచి ఆరు ఇనుప గొట్టాలు తెచ్చి చెట్టుకు ఇనుపపట్టీతో బిగిస్తే, వాటి మీద రేకులు వేసుకోవచ్చు. డ్రాయింగు మీద చెట్టు చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి 'సజీవ స్తంభం' అని రాశాను కూడా. మేస్త్రీ ఆ కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసి, "బాబూ, సెట్టు ఊగుతాది కదేటి," అన్నాడు. తొమ్మిదడుగుల ఎత్తులో ఊగదు మేస్త్రీ, లెక్క కట్టాను అన్నాను. నేను ఏ లెక్కా కట్టలేదు. మా పాఠ్యపుస్తకాల్లో కొబ్బరిచెట్టు లేదు.

షెడ్డు లేచింది. చెట్టు చుట్టూ గుండ్రంగా బల్ల వేశాం. మావయ్య చెట్టు మొదలుకు ఆకుపచ్చ రంగు పూసి, మందస పక్కన మహేంద్రగిరి కొండ ఇదే అన్నాడు. అంతా బాగానే ఉందనుకునే సమయానికి కాయలు దింపే మనిషి వచ్చాడు. ఊళ్లో అందరూ ఆయన్ని బొండాల బావ అంటారు. చెట్టు మొదలు షెడ్డు లోపల, కాయలు షెడ్డు పైన. ఆయన కాసేపు లోపలికీ, కాసేపు ఆకాశంలోకీ చూసి, "ఇప్పుడు నానెలగెక్కాల, గార్డుగారూ," అన్నాడు. ఆ ప్రశ్న డ్రాయింగులో లేదు. చెట్టు పక్కన రేకును కోసి మనిషి పట్టేంత కంత పెట్టాం. బల్లలో ఒక ముక్క కోసి, బందులు వేసి, పైకి లేచే గేటు చేశాం. గేటు అనేసరికి మావయ్యలో గార్డు నిద్రలేచాడు. రైలు వెళ్లేదాకా బొండాల బావ గేటు దగ్గర ఆగాలి. పచ్చజెండా చూపిస్తేనే చెట్టెక్కాలి, పచ్చజెండా చూపిస్తేనే దిగాలి. "ఎర్రజెండా ఉన్నంతసేపు ఉన్నకాడ నుండి కదలకూడదు. ఎవుడు సెప్పినా సరే." బొండాల బావ తువ్వాలుతో మొహం తుడుచుకుని, "కొబ్బరిసెట్టెక్కడానికి లైన్ క్లియర్ కావాలేటి," అన్నాడు గానీ, మంచివాడు, అలాగే చేశాడు.

ఎండుకాయ ఒకటి రేకు మీద పడ్డప్పుడల్లా షెడ్డంతా అదిరి రైలు పట్టా తప్పేది. మావయ్య వెంటనే ఒక నోటుపుస్తకం తీసి విచారణ రాసేవాడు. 'స్థలం: సుమ్మాదేవి, మందస మధ్య. కారణం: పైనుంచి కాయ పడుట. సాక్షి: మేనల్లుడు.' నేను కింద సంతకం పెట్టేవాణ్ణి.

ప్రారంభోత్సవానికి ఆయన తనతో పనిచేసిన పాత స్టేషన్ మాస్టారుగారిని పిలిచాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, డ్రాయింగును గోడకు అంటించి, ఆయన కంటపడేలా దాని పక్కనే నిలబడ్డాను. పలాసలో బండి బయల్దేరింది. అతిథికి బొండాలు కావాలని అత్తయ్య అనడంతో బొండాల బావ పచ్చజెండా మీద చెట్టెక్కాడు. సరిగ్గా అప్పుడే సముద్రం వైపు నుంచి గాలి లేచింది.

మొదట గొట్టాలు కిర్రుమన్నాయి. చెట్టు అటు వాలింది, ఆరు గొట్టాలూ దానితోపాటు అటు వెళ్లాయి. ఇటు వాలింది, ఇటు వచ్చాయి. గోడల మీద బిగించిన మేకులు ఒక్కొక్కటే టప్పుమని ఊడుతున్నాయి. నేను రెండు చేతులతో చెట్టును కావలించుకున్నాను, ఆపుదామని. మావయ్య మాత్రం పాత అలవాటు కొద్దీ ఎర్రజెండా తీసి చెట్టుకు ఎదురుగా ఊపడం మొదలుపెట్టాడు. పైన బొండాల బావ గబగబా దిగుతూ ఒక కాలు కంతలో పెట్టాడు. కింద ఎర్రజెండా కనిపించింది. ఆ కాలు అలాగే గాలిలో ఆగిపోయింది.

"దిగరా బాబూ," అని అత్తయ్య కేక.

"ఎర్రజెండా ఉందమ్మా," అని పైనుంచి సమాధానం.

"ఓరి నీ జెండా. షెడ్డెగిరిపోతంది, దిగు."

"ఎవుడు సెప్పినా కదలొద్దన్నారమ్మా. గార్డుగారు సెప్పాల."

గార్డుగారికి ఇదేమీ వినబడటం లేదు. ఆయన చూపంతా కప్పు మీద ఉంది. చివరికి స్టేషన్ మాస్టారుగారు లేచి, ఆయన చేతిలో ఎర్రజెండా లాక్కుని, పచ్చది తీసి చూపించారు. బొండాల బావ దిగాడు. దిగి, గేటు దగ్గర ఆగాడు, రైలు వస్తోంది మరి. ఎనిమిది వేగన్లూ వెళ్లాక గేటు పైకెత్తి బయటికి నడిచాడు. ఆయన వెనకాలే మేమందరం పెరట్లోకి వచ్చిపడ్డాం. రేకులు ఒకదాని తర్వాత ఒకటి లేచి, పక్క జీడితోటలోకి వెళ్లిపోయాయి. లోపల బండి ఇంకా తిరుగుతూనే ఉంది. మాస్టారుగారు చేతి గడియారం చూసుకుని, "బండి టైముకే వచ్చింది గార్డుగారూ, స్టేషనే ముందు ఎల్లిపోయింది," అన్నారు.

సాయంత్రం మావయ్య నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. 'చెట్టు ఊగుతుందని నేను అనుకోలేదు' అని రాసి సంతకం పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, దాని కింద తన అక్షరాలతో ఇలా రాశాడు. 'కుర్రవాడు చెట్టును నమ్మినాడు. నేను కుర్రవాణ్ణి నమ్మినాను. ఇద్దరిదీ ఒక్కటే తప్పు. శిక్ష అవసరం లేదు.' తర్వాత ఆయన కప్పు లేకుండానే, ఎండాకాలం పొడుగునా ఆ గోడల మధ్య రైలు నడిపాడు. మబ్బు పడితే సర్వీసు రద్దు.

నాకు మాత్రం ఆ రోజు శిక్ష లేనందుకు సంతోషం కలగలేదు. 'కుర్రవాడు' అని రాసినందుకు ఉక్రోషం వచ్చింది. అత్తయ్య చేపలపులుసు వండి పిలుస్తున్నా వినకుండా బస్సెక్కి, పలాస దాకా మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఇప్పుడు టెక్కలి ఆఫీసులో నా బల్ల మీద సంతకం కోసం డ్రాయింగులు గుట్టగా పడుంటాయి, అందరూ నన్ను గారూ అనే పిలుస్తారు. నన్ను కుర్రవాడని రాసే చెయ్యి మాత్రం ఇప్పుడు లేదు. ఒక్కోసారి పని మధ్యలో ఆ బస్సు గుర్తొచ్చి నవ్వుకుంటాను. కిటికీ పక్కన మొహం మాడ్చుకు కూర్చున్న వాడి భుజం తట్టి, దిగి వెనక్కి ఎల్లరా, అత్త కంచం ముందు కూసుని ఉంటాది అని చెప్పాలనిపిస్తుంది.