మగ్గం ఆగే అమావాస్య

"మగ్గం ఆడతా ఉన్నంతసేపూ నాకు భయం లేదమ్మా. సద్దు ఆగితేనే గుండె జల్లుమంటాది. ఏదో ఒకనాడు ఈయప్ప నా బిడ్డని చంపేస్తాడు."

కొళాయి కింద బిందె పెట్టి, నీళ్ల చప్పుడు మాటున అంజినమ్మ చెప్పిన మాట ఇది. విన్నది ప్రొఫెసర్ భాగీరథమ్మ. అది 1974 వేసవి. బెంగళూరు పేటలో ఒక ఇరుకు సందు, రెండు పక్కలా తెలుగు నేతవాళ్ల ఇళ్లు, సందు మొదట్లో సారాయంగడి.

భాగీరథమ్మకు అప్పటికి నలభై నాలుగేళ్లు. వైద్య కళాశాలలో సామాజిక వైద్యం బోధించేది. ముతక నూలు చీర, మగవాళ్లు పెట్టుకునేలాంటి పెద్ద చేతి గడియారం, గబగబా నడక. సారాయి తాగే ఇళ్లలో జబ్బులు ఎలా పుడతాయన్నది ఆమె పరిశోధన. తోటి ప్రొఫెసర్లకు అదొక వేళాకోళం.

"కాలేయం సంగతి చూడక మీకెందుకమ్మా వాళ్ల కాపురాలు?" అనేవారు.

"కాలేయం తనంతట తాను నడిచిపోయి సారాయంగడిలో కూర్చోదు కదండీ. దాన్ని మోసుకుపోయేది మనిషే" అనేది ఆమె.

అంజినమ్మ భర్త మారప్ప. చీర అంచులు నేయడంలో ఆ సందులో అతని తర్వాతే ఎవరైనా. వాళ్లకు ఒకతే కూతురు, ఏడేళ్ల చౌడమ్మ. ఆ పిల్ల చెవి వెనక పసుపు రంగుకు తిరిగిన కమిలిన మచ్చ ఉంది. భుజం మీద ఇంకోటి, అది కొత్తది. ఇవెలా తగిలాయని భాగీరథమ్మ అడగబోతే, తల్లి నోరు తెరిచే లోపలే సందు పెద్ద అడ్డొచ్చాడు. పేరు పెద్దమునియప్ప. నలుగురి తగాదాలూ తీర్చే మనిషి.

"అది అమావాస్య గాలి డాక్టరమ్మా. ఈ సందులో చిన్నబిడ్డలకి అమావాస్య నాడు గాలి కొడతాది. ఉన్నట్టుండి పడిపోతారు. తాయెత్తులు కట్టిస్తానే ఉండాము."

"పెద్దోళ్లకి కొట్టదా అప్పా, ఆ గాలి?"

"పెద్దోళ్లకి బలం జాస్తి కదమ్మా."

చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా అవునన్నట్టు తలలాడించారు. కొళాయి దగ్గర అంత మాట చెప్పిన అంజినమ్మ కూడా ఆడించింది. ప్రొఫెసర్ వెంట వచ్చిన కుర్ర లెక్చరర్ ఆంజనేయులు నవ్వు దాచుకోవడానికి మొహం పక్కకు తిప్పుకున్నాడు. భాగీరథమ్మకు నవ్వు రాలేదు. ఆ మాట ఆమెకు కొత్త కాదు.

ఆమె పుట్టింది ఆనేకల్లులో, ఇలాంటి నేత ఇంట్లోనే. నేతవాళ్లకు ఆదివారాలు ఉండేవి కావు. అమావాస్యే సెలవు. ఆ రోజు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, దీపం వెలిగించి, దండం పెట్టి వదిలేస్తారు. తొక్కరు, ముట్టరు. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు అలాంటి ఒక అమావాస్య నాడు తండ్రి పొద్దున్నే పోయి పూటుగా తాగి మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. నాలుగేళ్ల తమ్ముడు సుబ్బరాయుడు బొట్లు పెట్టిన మగ్గం మీదికెక్కి ఆడుకుంటున్నాడు. తండ్రి మగ్గంలో అటూ ఇటూ ఆడే ఇనుప మొనల నాడె అందుకుని విసిరాడు. టెంకాయ కొట్టినట్టు చప్పుడైంది. పిల్లవాడు ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే భాగీరథమ్మకు జీవితాంతం గుర్తుండిపోయింది. రక్తం పడుగు దారాల్లోకి ఇంకింది. తల్లి ఆ మేర దారాలు కోసి పొయ్యిలో వేసింది.

పొద్దు వాలేసరికి పిల్లవాడు పోయాడు. ఇంట్లో ఉన్న అవ్వ భాగీరథమ్మ గడ్డం గట్టిగా పట్టుకుంది.

"ఎవురడిగినా అమావాస్య గాలి సోకిందని చెప్పు. మీ నాయన జైలుకి పోతే మనకి కూడెవురు పెడతారు?"

చెప్పింది. కనబడినవాళ్లందరికీ చెప్పింది. చెప్పగా చెప్పగా తనే నమ్మింది. అసలు ఆమెను అడిగినవాళ్లెవరు? అందరూ అవ్వనే అడిగారు. ఏళ్లు గడిచాక వైద్య కళాశాలలో ఒక అధ్యాపకుడు పగిలిన పుర్రె చేతికిచ్చి, ఇదెలా పగిలి ఉంటుందో చెప్పమన్నాడు. ఆమె నోటికి మొదట వచ్చిన మాట అమావాస్య. పుర్రెను బల్ల మీద పెట్టి గది దాటి బయటికి పోయింది.

ఇప్పుడు ఈ సందులో మళ్లీ అదే మాట. రెండు సంగతులు ఒకే రోజు జరుగుతుంటే ఒకటి రెండోదానికి కారణం కానక్కరలేదు. ఆకాశంలో చంద్రుడు లేకపోవడం, పిల్లల ఎముకలు విరగడం ఒకే రోజు జరుగుతున్నాయి. ఆ రెంటికీ నడుమ ఆగిన మగ్గాలు, పొద్దున్నే తెరిచే సారాయంగడి ఉన్నాయి. గాలి పేరు చెబితే నడుమ ఉన్నది ఎవరికీ కనబడదు. ఒక ఇంటి అబద్ధం అనుకుని ఆమె ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నది ఒక కులం మొత్తం అలవాటుగా ఆడుతున్న అబద్ధం.

తర్వాతి అమావాస్యకు ఆంజనేయుల్ని వెంటబెట్టుకుని వెళ్లింది. పరిశోధకులు చూడాలి, రాసుకోవాలి, చెయ్యి పెట్టకూడదు. ఆ నియమం విద్యార్థులకు నేర్పింది ఆమే. ఎప్పుడూ టకటకలాడే సందు ఆ రోజు నోరు మూసుకుని ఉంది. సారాయంగడి ముందు మాత్రం తిరునాళ్లలా జనం. పిల్లలెవరూ బయట లేరు.

మిట్టమధ్యాహ్నం మారప్ప వచ్చాడు.

"నా మగ్గం మీద చెయ్యి పెట్టింది ఎవురే?" లోపలి నుంచి వినబడింది. ఆ తర్వాత ఇత్తడి చెంబు గోడకు తగిలింది.

గడప దాకా వెళ్లిన భాగీరథమ్మకు అంతా కనబడింది. అంజినమ్మ భర్త కాళ్లు చుట్టుకుని నేల మీద ఉంది. అతను మోకాలితో ఆమె మూతి మీద పొడిచాడు. ముందు పళ్లు రెండు విరిగి, నోటి నిండా నెత్తురు. మారప్ప వంగి, నేతగాడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో చెయ్యి పెట్టి తడిమాడు. జుట్టు దొరికింది. చౌడమ్మను జుట్టు పట్టి పైకి లాగాడు. పిల్ల గుంత అంచు పట్టుకుంది. ఆ పట్టు విడిపించడానికి చెయ్యి వెనక్కి విరిచాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. పిల్ల ఏడవలేదు.

ఆ ఏడుపు లేకపోవడంతో భాగీరథమ్మ నేర్పిన నియమం గంగలో కలిసింది. లోపలికి దూకి పిల్ల మీద పడింది. మారప్ప చేతికందిన మగ్గం కర్రతో బాదాడు. పిల్ల తల మీద అడ్డం పెట్టిన ఆమె ఎడమ చేతి వేళ్లు రెండు నలిగాయి. ఆంజనేయులు వెనక నుంచి పట్టుకోబోతే అతన్ని ద్వారబంధానికేసి కొట్టాడు. కనుబొమ చీలి నెత్తురు కంట్లోకి కారింది. సందులో మగవాళ్లు గడపల్లో నిలబడి చూస్తున్నారు.

"అమావాస్యప్పా, ఎవురూ ముట్టొద్దండి. వాడి ఒంట్లో ఏం దూరిందో ఏమో" అన్నాడు పెద్దమునియప్ప.

"వాడి ఒంట్లో దూరింది మీ సందు మొదట్లో అమ్ముతాండారప్పా," అంది భాగీరథమ్మ, పిల్లను చంకనేసుకుని గడప దాటి, అతన్ని భుజంతో నెట్టుకుంటూ. ఆంజనేయుల్ని చూసి, "బాడుగ బండి పిలువు" అంది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు అంజినమ్మను అడిగాడు, ఎలా జరిగిందని. ఆమె కొంగుతో నోరు ఒత్తుకుని, "అమావాస్య గాలి సార్. పడిపోయింది" అంది. నెత్తుటితో తడిసిన కొంగు నుంచి వచ్చిన మాట. డాక్టరు తలాడించి వెళ్లబోయాడు.

భాగీరథమ్మ మంచం పక్కన నేల మీద చతికిలపడింది. నలిగిన వేళ్లకు చేతిరుమాలు చుట్టుకుని ఉంది. మంచం మీద ఉన్న పిల్ల మొహం ఇప్పుడు ఆమె మొహానికి పైన ఉంది.

"చౌడీ, మీ అమ్మ మాట కాదు, నువ్వు చెప్పు తల్లీ. ఏమైంది?"

పిల్ల తల్లి వైపు చూసింది. తర్వాత కిటికీ వైపు చూసింది.

"మేడమ్, ముందు మీ చెయ్యి చూపించండి" అన్నాడు డాక్టరు.

"ఉండండి. పిల్ల చెప్తాది." ఆమె కదలలేదు. పడ్డావా, కొట్టారా అని మాట అందించనూ లేదు. నేల చల్లగా, ఫినాయిలు వాసనతో ఉంది. ఆమె అలాగే కూర్చుంది.

చాలాసేపటికి పిల్ల నోరు విప్పింది. "మా నాయన నన్ను గుంతలోనుంచి లాగినాడు. గాలి రాలేదు. గాలి వస్తే దీపం ఆరిపోతాది కదా. మగ్గం కాడ దీపం ఆరనే లేదు."

అంజినమ్మ గోడకు జారిపోయి, రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. భాగీరథమ్మ మాత్రం పిల్లనే చూస్తోంది. తొమ్మిదేళ్లప్పుడు తనను ఇలా ఎవరైనా అడిగి ఉంటే, తనూ చెప్పేది. తమ ఇంట్లో మగ్గం దీపం ఆ రోజు కూడా ఆరలేదు.

పోలీసులు వచ్చి, ఇంటి గలాటా అని చెప్పి వెళ్లిపోయారు. కొన్నాళ్లకు మారప్ప తాగకుండా ఆసుపత్రికి వచ్చాడు. పిల్ల అతన్ని చూసి మంచం కిందికి దూరింది. అతను వరండాలో గోడకానుకుని కూలబడ్డాడు. భాగీరథమ్మ కట్టు కట్టిన చేత్తో అతని ఎదురుగా నేల మీదే కూర్చుంది. ఆంజనేయులు కనుబొమ మీద కుట్లతో కోపంగా చూస్తున్నాడు.

"నీ చిన్నప్పుడు అమావాస్య వస్తే యాడ దాక్కుంటా ఉంటివప్పా?"

మారప్ప ఆమెను చూడలేదు. "ఆ గుంతలోనే," అన్నాడు. "మా నాయన అట్లే జుట్టు పట్టి లాగుతా ఉండె." చొక్కా ఎత్తి వీపు చూపించాడు. కాగిన ఇనుముతో కాల్చిన వాతలు. "ఆయప్ప కొట్టకుంటే నాకు నేత వస్తా ఉండెనా? మొదటిసారి నోట్లో సారాయి పోసింది కూడా ఆయప్పే. నొప్పి తెలియకూడదని."

ఆ రోజు నుంచి ఆమె పరిశోధన దారి మళ్లింది. తాగేవాణ్ణి ఎంత తాగుతావని అడగడం మానేసి, చిన్నప్పుడు ఎక్కడ దాక్కునేవాడివని అడగడం మొదలుపెట్టింది. కల్లుపాకల దగ్గర, మిల్లుల గేట్ల దగ్గర, కె.ఆర్.పురం రైల్వే కూలీల గుడిసెల్లో అడిగింది. చాలామంది తిట్టారు, ఒకడు మొహాన ఉమ్మాడు. కొందరు మాత్రం చెప్పారు. మంచం కింద, వడ్ల గాదెలో, పక్కింటి పశువుల కొట్టంలో. వాళ్లలో ఎక్కువమంది పిల్లలు ఇప్పుడు అలాంటి చోట్లలోనే దాక్కుంటున్నారని తేలింది. పదిహేనేళ్లు ఆమె రాసినదంతా దీని గురించే.

కానీ చౌడమ్మకు పరిశోధన పనికిరాదు. ప్రతి నెలా అమావాస్య వస్తుంది. నేత సందుల్లో ఆ రోజు సారాయంగళ్లు మూయించాలని భాగీరథమ్మ అబ్కారీ అధికారుల ముందుకు వెళ్లింది.

"దయ్యాలకి సెలవు ఇప్పించమని అడిగిన మొదటి ప్రొఫెసర్ మీరే మేడమ్" అన్నాడు పెద్ద అధికారి. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ప్రొఫెసర్ వెంట వచ్చిన అంజినమ్మ వెనక బెంచీ మీద నుంచి లేచింది. బల్ల దాకా వచ్చి నోరు తెరిచి, విరిగిన పళ్ల మొదళ్లు చూపించింది. "ఇది దయ్యం కొట్టింది కాదు సార్. నా మొగుడు కొట్టినాడు. అమావాస్య మీదికి తోసేసి ఇన్నేండ్లు నేనే అబద్ధం చెప్తా ఉంటి. బిడ్డ నిజం చెప్పినాక నాకేం సిగ్గు?"

నవ్వులు ఆగాయి. అయినా ఆ రోజు ఏమీ తేలలేదు. మరుసటి వారం సారాయి కాంట్రాక్టరు మనుషులు సైకిల్ చైన్లతో కళాశాల వెనక ఉన్న పరిశోధన గదిలోకి చొరబడ్డారు. కుర్చీలు, అద్దాలు పగలగొట్టి, అడ్డం వచ్చిన ఆంజనేయుల మోకాలు చితకబాదారు. అతను ఆ తర్వాత ఎప్పుడూ తిన్నగా నడవలేదు. "పెండ్లి కావాల్సిన కుర్రాడివి, ఇంకోచోట చేరు నాయనా" అని భాగీరథమ్మ అంటే, "పరుగుపందేలకి పోయేదేమన్నా ఉండాదా మేడమ్" అన్నాడు.

మూడేళ్లు తిరిగాక ఆ ఒక్క పేటకు ఆర్డరు వచ్చింది. అమావాస్య పగటిపూట అంగళ్లు మూత. కాంట్రాక్టరు వెనక తలుపు తెరిచాడు. ఆ తలుపు ముందు ఆడవాళ్లు మగ్గం కర్రలు పట్టుకుని కూర్చున్నారు. మొదటి నెలలో రాళ్లు పడి అంజినమ్మ నెత్తి పగిలింది. రెండో నెలలో పెద్దమునియప్ప వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నాడు. ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు, అతనూ గాలి ఊసెత్తలేదు. ఆ సందులో పిల్లలకు అమావాస్య దెబ్బలు తగ్గాయి. పూర్తిగా పోలేదు.

మారప్ప 1981లో రక్తం కక్కుకుని పోయాడు. చౌడమ్మ చెయ్యి వంకరగానే అతుక్కుంది. దాంతో మగ్గం మీద కూర్చోలేకపోయింది. పెళ్లయ్యాక జిగణి వైపు ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. 1988లో భాగీరథమ్మ పదవీ విరమణ సభకు కొడుకుని ఎత్తుకుని వచ్చింది. వాడు ప్రొఫెసర్ మెడలోని పూలదండ పీకుతుంటే, "కొడితే నేర్చుకుంటాడంటారమ్మా మా అత్త. నేను మాత్రం చెయ్యెత్తకుండా ఉండాను" అంది నవ్వుతూ.

ఆ సభలో భాగీరథమ్మ దగ్గర చదివినవాళ్లు, కొత్తగా బిడ్డల్ని కన్నవాళ్లు చుట్టూ మూగారు. ఇంత పరిశోధన చేశారు కదా, మాకు పనికొచ్చేది ఒక్కటి చెప్పమన్నారు. ఆమె అప్పటికీ సరిగా ముడవని ఎడమ చేతి వేళ్లను చూసుకుంది.

"బిడ్డకి దెబ్బ తగిలితే ఎట్ల తగిలిందని పెద్దోళ్లని అడగొద్దు. బిడ్డనే అడుగు. నేల మీద కూర్చో, బిడ్డ కన్నా కిందికి. పడినావా అని నువ్వు అందియ్యొద్దు. చెప్పేదాకా లేవొద్దు."

నోటి నోటా ఆ మాట మా ఇంటిదాకా వచ్చింది. మా పాపకు ఇప్పుడు మూడేళ్లు. నిన్న పక్కింటి నుంచి మోచెయ్యి చీరుకుని వచ్చింది. పడ్డావా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, వంటింటి గడప ముందు నేల మీద కూర్చున్నాం, పాప తల్లిదండ్రులం ఇద్దరమూ.